రిజిస్టరు లేని ఊరు

1984 ఆగస్టు 12, ఆదివారం. ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్

ఇరవై మూడు పెట్టెల్లో పదకొండే విప్పాను. మిగతావి విప్పబుద్ధి కావడం లేదు. ఈ నోటుబుక్కు కుక్కర్ పెట్టెలో దొరికింది. నేనేదో పెద్ద రాతగత్తెనని కాదు. ఇక్కడ తెలుగులో మాట్లాడటానికి ఆయన తప్ప ఎవరూ లేరు. ఆయనతో మాట్లాడేవి మూడే మాటలు: తిన్నారా, పడుకోండి, ఎక్కడికి వెళ్తున్నారు.

ఫ్రెస్నో పోలీసులకు ఉత్తరం రాసి పెట్టాను. ఇల్లు మారితే పది రోజుల్లో కాగితం మీద తెలియజేయాలని కాలిఫోర్నియా చట్టం. జైలు పది నెలలతో అయిపోయింది, ప్రొబేషన్ మూడేళ్ళతో అయిపోయింది, ఇలాంటి నేరస్థుల పేర్లు పోలీసులు రాసి ఉంచుకునే ఆ రిజిస్టరు మాత్రం చచ్చేదాకా వదలదు. ఏసుపాదం, వయసు నలభై నాలుగు, చిన్నపిల్ల విషయంలో చేసిన నేరానికి శిక్ష పడినవాడు, మిషిగన్ రాష్ట్రానికి మారుతున్నాడు. ఇదంతా రాసింది నేను. ఆయన కరెంటు బిల్లు చూసినట్టు చూసి సంతకం పెట్టారు.

ఆగస్టు 16

ఇక్కడి పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాం, ఆదివారం ఆరాధనకు వెళ్ళేవాళ్ళలా తయారై. కౌంటర్ దగ్గర అమ్మాయి ఫ్రెస్నో కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, లోపలినుంచి ఒక పెద్దాయన్ని తీసుకొచ్చింది. ఆయన మర్యాదగానే చెప్పాడు. మిషిగన్‌లో అలాంటి రిజిస్టరు లేదు, రాసుకోమనే చట్టమూ లేదు, ఇక వెళ్ళవచ్చు అన్నాడు.

పార్కింగ్‌లో ఈయన నా చెయ్యి పట్టుకున్నారు. నాలుగేళ్ళలో ఇదే మొదటిసారి.

"విమలా, దేవుడు కొట్టేశాడే. పూర్తిగా కొట్టేశాడు" అని ఏడ్చారు.

నేనూ ఏడ్చాను. సంతోషంగానే ఏడ్చాను.

ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. ఆ రిజిస్టరంటే నాకు అసహ్యం. కానీ అది ఉన్నన్నాళ్ళూ ఆయన మీద ఒక కన్నేసి ఉంచడానికి ఇంకెవరో ఉండేవారు. ఇక్కడ నేనొక్కదాన్నే.

ఆగస్టు 17

నాకు ముందు తెలియదు. తెలిసుంటే జరగనిచ్చేదాన్నా?

సెప్టెంబర్ 5

ఆయనకు చిన్న కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్ పని దొరికింది. కార్ల సీట్ల కింద ఉండే కమ్మీలు గీస్తారట. పొద్దున ఆరున్నర నుంచి మూడింటిదాకా. నేను హాస్పిటల్లో ఏడు నుంచి మూడున్నర దాకా, డే షిఫ్ట్ మాత్రమే చేస్తానని పట్టుబట్టి తీసుకున్నాను. సూపర్‌వైజర్ వింతగా చూసింది.

"ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

"లేరు, మొగుడున్నాడు" అన్నాను. పాపం, పడీ పడీ నవ్వింది.

సెప్టెంబర్ 19

కెఫెటీరియాలో ఈరోజు నా వెనకనుంచి ఎవరో "అమ్మో, గోంగూరే!" అన్నారు. వెనక్కి తిరిగితే నాలుగో అంతస్తు నర్సు, మన పిల్లే. పేరు రూతు, నరసాపురం. భర్త జోసఫ్ కార్ల ఫ్యాక్టరీలో మధ్యాహ్నం షిఫ్టు ఇంజనీరు. తొమ్మిదేళ్ళ కూతురు శాంతి. అయిదు నిమిషాల్లో ఇదంతా చెప్పేసి, నా గోంగూర సగం తినేసింది.

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నావక్కా? ఆదివారం ప్రేయర్‌కి వచ్చెయ్, బావగార్ని కూడా లాక్కురా. పది ఫ్యామిలీస్ ఉన్నాం" అంది.

ఆదివారం డ్యూటీ ఉందని అబద్ధం చెప్పాను. నాలుగేళ్ళయింది నన్నెవరైనా అక్కా అని పిలిచి. వాష్‌రూమ్‌కి వెళ్ళి మొహం కడుక్కుని వార్డుకి పోయాను.

సెప్టెంబర్ 30

వెళ్ళాం. ఎన్నాళ్ళని అబద్ధాలాడను?

ప్రార్థన ఆనందబాబు గారింట్లో. ఆయనే సంఘ పెద్ద, ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నారు. పెద్దవాళ్ళు పైన హాల్లో, పిల్లలు కింద బేస్‌మెంట్‌లో. ఈయన గొంతు విప్పేసరికి అందరూ మురిసిపోయారు. ఆయనకు పాటలొస్తాయని నేను చెప్పలేదు, ఆయనే హార్మోనియం లాక్కున్నారు. "ఇన్నాళ్ళకు దేవుడు మాకొక పాటగాణ్ణి పంపాడు" అని ఆనందబాబు గారు చేతులెత్తారు.

దీర్ఘ ప్రార్థన మొదలైంది. అందరి కళ్ళూ మూసి ఉన్నాయి. నేను తెరిచాను. ఈయన కుర్చీ ఖాళీ. బేస్‌మెంట్ మెట్ల మీదికి పరిగెత్తాను. పిల్లల మధ్య కూర్చుని, చేతులు తిప్పుతూ పాట నేర్పుతున్నారు. అంతే. పాటే. నేను మెట్ల మీద కూర్చుండిపోయాను.

తిరిగి వచ్చేటప్పుడు కారులో ఒక్క మాటే అన్నాను, ఇంకెప్పుడూ కిందికి దిగొద్దని. "నువ్వు నన్ను ఏనాడూ క్షమించవు" అన్నారు.

అక్టోబర్ 14

ఇప్పుడు మెట్ల మీద కూర్చోవడం నాకు అలవాటైపోయింది. ఆడవాళ్ళు పైనుంచి చూసి "పాపం, పిల్లల్లేని తల్లి, వాళ్ళను చూస్తే ప్రాణం లేచొస్తుంది" అనుకుంటున్నారట. రూతు చెప్పింది. అనుకోనీ.

అక్టోబర్ 20

రూతు ఇంట్లో రోజంతా గడిపాం, ఆడవాళ్ళం ఇద్దరమే. చేపల పులుసు వండి, తలలు ఎవరు తినాలని కొట్టుకున్నాం. ఇంత నవ్వి ఎన్నాళ్ళయిందో. శాంతి స్కూల్ పాఠం చదువుతూ "ఆంటీ, మీరు టూ లౌడ్‌గా నవ్వుతారు" అంది.

ఫ్రెస్నోలో మా కరుణమ్మ నవ్వు కూడా ఇలాగే ఉండేది. ఒకే నర్సింగ్ స్కూలు, ఒకే బ్యాచ్, ఒకే విమానం. ముందు మేము వచ్చాం, తర్వాత మా వీసాల మీద మొగుళ్ళు వచ్చారు. నర్సుల ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. ఎవరి షిఫ్టు ఎప్పుడైనా, పిల్లలు ఏ ఇంట్లో మనిషుంటే ఆ ఇంట్లో ఉంటారు. డే కేర్లకు డబ్బులు పోసే బదులు మనవాళ్ళు ఉన్నారు కదా అంటాం. ఆయనకు అప్పుడు ఉద్యోగం లేదు, ఎప్పుడూ ఇంట్లోనే. కాబట్టి కరుణ కూతురు విద్య మా ఇంట్లో. పదేళ్ళ పిల్ల. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు ఇచ్చాం, ఇద్దరం కలిసే.

నాకు ముందు తెలియదు.

నవంబర్ 6

రూతుకు షిఫ్టు మారింది. థాంక్స్‌గివింగ్ వారం నుంచి మూడున్నరకు వెళ్ళి పదకొండున్నరకు రావాలి. జోసఫ్ కూడా ఆ షిఫ్టే. శాంతి బస్సు మూడుంబావుకు దిగుతుంది.

"బావగారు మూడుంబావుకల్లా ఇంట్లో ఉంటారుగా అక్కా, శాంతి మీ ఇంట్లో ఉంటే నాకు నిశ్చింత. జనవరిలో మళ్ళీ డేస్‌కి మారిపోతా" అంది.

ఆయనకు ఆయాసం అన్నాను. రెండోసారి అడిగితే ఇంట్లో రంగులు వేయిస్తున్నామన్నాను. మూడోసారి అడగలేదు. టిఫిన్ డబ్బా మూత పెట్టుకుంటూ "పరాయిదాన్నని నాకు తెలుసులే" అంది.

చెప్పేస్తే? చెప్తే ఈ ముక్క కూడా మిగలదు. నాకు రూతు ఒక్కతే ఉంది.

నవంబర్ 11

నన్ను అడక్కుండా ఆయనే ఒప్పేసుకున్నారు. రూతు ఫోన్ చేస్తే "నేనున్నానుగా అమ్మా, నా కూతుర్లా చూసుకుంటా" అన్నారట. రూతు వచ్చి నన్ను కావలించుకుంది. నేనూ కావలించుకున్నాను.

నవంబర్ 18

పద్ధతి ఒకటి పెట్టాను. శాంతి మెడలో మా ఇంటి తాళంచెవి వేయాలి. అది తలుపు తీసుకుని, మళ్ళీ గడియ పెట్టుకుని, టీవీ చూస్తూ ఉండాలి. నేను నాలుగింటికి వస్తాను. నేను వచ్చేదాకా ఆయన సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో కారులోనే కూర్చోవాలి. ఇంటికి రాకూడదు.

ఆయన సరేనన్నారు. "నేనేమన్నా పిచ్చికుక్కనా?" అని మాత్రం అడిగారు. నేను తాళంచెవికి దారం ఎక్కించాను.

నవంబర్ 22, థాంక్స్‌గివింగ్

ఆనందబాబు గారింట్లో టర్కీ, పక్కన పులిహోర. అందరూ వరుసగా దేవుడికి కృతజ్ఞతలు చెప్పారు. నా వంతు వచ్చేసరికి "స్నేహితురాలి కోసం" అన్నాను. రూతు కళ్ళు తుడుచుకుంది.

నవంబర్ 30

రెండు వారాలు. ఏమీ కాలేదు. నేను ఇంట్లో ఉన్నంత కాలం ఏమీ కాదు.

డిసెంబర్ 6

రాయలేను.

డిసెంబర్ 7

రాస్తాను. నేను రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

నిన్న పొద్దున్నుంచీ మంచు. మూడున్నరకు నా తర్వాత డ్యూటీ ఎక్కాల్సిన నర్సు రోడ్డు మీద ఇరుక్కుపోయింది. ఆమె వచ్చేదాకా కదలొద్దని సూపర్‌వైజర్ అంది. పద్నాలుగు మంది రోగులు, నేనొక్కదాన్ని. నాలుగుంబావుకు ఇంటికి ఫోన్ చేశాను. శాంతి ఎత్తుతుందనుకున్నాను. ఆయన ఎత్తారు.

"చలికి చచ్చిపోతున్నా విమలా, ఎంతసేపని కార్లో కూచోను? పాపకి పాలు వేడిచేసి ఇచ్చాను. నువ్వు మెల్లగా రా, రోడ్డు బాగాలేదు."

గొంతు ఎంత బాగుందో. ఎంత ప్రేమగా ఉందో.

శాంతికి ఫోన్ ఇవ్వమన్నాను. అది వచ్చి "హాయ్ ఆంటీ" అంది. ఆ తర్వాత "మీరు ఎప్పుడొస్తారు?" అంది. వస్తున్నానమ్మా అన్నాను. "బట్ ఎప్పుడు, ఆంటీ?" అంది మళ్ళీ.

నాకు ముందు తెలియదని ఈ పుస్తకంలో ఎన్నిసార్లు రాశాను? అబద్ధం. ఫ్రెస్నోలో విద్య నా వంటింట్లోకి వచ్చి, నా యూనిఫాం అంచు పట్టుకుని, "ఆంటీ, మీరు డ్యూటీకి వెళ్ళకండి. అంకుల్ నాకు నచ్చడు" అంది. నేను ఓవర్‌టైమ్‌కి ఆలస్యమవుతోందని "పెద్దవాళ్ళను అలా అనకూడదు, తప్పు" అని దాని చెయ్యి విడిపించుకున్నాను. దాని మొహం చూశాను. అర్థమైంది. అర్థం కానట్టు కారెక్కాను. ఆ తర్వాత రెండు నెలలు ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. కోర్టులో నన్ను అడిగితే తెలియదన్నాను. కరుణ నన్ను నమ్మింది కూడా.

నిన్న ఫోన్ పెట్టేసి, పక్క వార్డు నర్సును రెండు నిమిషాలు చూడమని చెప్పి, మెట్ల మీద నాలుగో అంతస్తుకు పరిగెత్తాను. రూతు మందుల ట్రే సర్దుతోంది. దుప్పట్ల గదిలోకి లాగి తలుపు వేశాను.

"నువ్వు ఇప్పుడే ఇంటికెళ్ళు. శాంతిని తెచ్చుకో. ఆయన ఇంట్లో ఉన్నాడు. ఫ్రెస్నోలో ఒక చిన్నపిల్ల విషయంలో జైలుకెళ్ళొచ్చాడు."

రూతుకు ముందు అర్థం కాలేదు. "ఎవరక్కా?" అంది.

"మీ బావగారు."

ఆ ట్రే దాని చేతిలోనే ఉంది. నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. కోటు కూడా వేసుకోలేదు. నేను వెంటనే ఇంటికి మళ్ళీ ఫోన్ చేసి, రూతు వచ్చేదాకా శాంతిని ఫోన్ పెట్టనివ్వలేదు. దాని టీచర్ల పేర్లు, వాళ్ళ స్కూల్ కుందేలు, రేపటి స్పెల్లింగ్ టెస్ట్, అన్నీ అడిగాను. రోగుల గంటలు మోగుతున్నా కదల్లేదు. ముప్ఫై అయిదు నిమిషాల తర్వాత తలుపు చప్పుడు, "మామ్!" అన్న మాట వినిపించాయి. అప్పుడు పెట్టేశాను.

శాంతికి ఏమీ కాలేదు. దేవుడా, ఏమీ కాలేదు.

డిసెంబర్ 8

రూతు వచ్చింది. లోపలికి రాలేదు, గుమ్మంలోనే నిలబడింది.

"నీకు మొదట్నుంచీ తెలుసు."

"తెలుసు."

"నా పిల్ల మూడు వారాలు ఈ ఇంట్లో ఉంది. నీకు తెలిసే ఉంచుకున్నావ్. మెట్ల మీద కూచుంటే పిల్లలంటే ముద్దనుకున్నాంగా అందరం! కాపలా కాసేవా అక్కా? కాపలా కాసేదానివి నోరిప్పి చెప్పొచ్చుగా?"

"నువ్వు నాతో మాట్లాడవని భయపడ్డానే."

"ఇప్పుడు మాట్లాడతాననుకుంటున్నావా?"

తాళంచెవి నా అరచేతిలో పెట్టి వెళ్ళిపోయింది. కోపం కూడా రాలేదు నాకు. నేను ఆమె స్థానంలో ఉంటే కొట్టేదాన్ని.

డిసెంబర్ 9, ఆదివారం

ఎక్కడికీ వెళ్ళలేదు. ఫోన్ మోగలేదు.

డిసెంబర్ 15

రూతు చెప్పిందట, ఆనందబాబు గారు వచ్చారు. ఒక గంట ఈయనతో ప్రార్థన చేశారు. ఇద్దరూ మోకాళ్ళ మీద, ఇద్దరూ ఏడుస్తూ. నేను టీ పెట్టాను.

"చూడమ్మా విమలకుమారీ, బ్రదర్ పశ్చాత్తాపపడ్డారు. ఈ సంగతి సంఘం దాటి బయటికి పోకూడదు. మనవాళ్ళ పేరు పాడైపోద్ది. బ్రదర్‌కి టెక్సాస్‌లో జాబ్ ఏదో చూస్తున్నామని అక్కడివాళ్ళు అన్నారు. ప్లేనోలో మన తెలుగు ఫెలోషిప్ ఉంది, నేను లెటర్ ఇస్తాను" అన్నారు.

ఊరు మారే విశ్వాసికి పెద్దలిచ్చే యోగ్యతా పత్రం అది. మా నాన్నకు కూడా ఒకటి ఉండేది, బైబిల్లో దాచుకున్నాడు. ఆనందబాబు గారు అక్కడే మా బల్ల మీద రాశారు. రాసింది నేను చదివాను: "ప్రభువునందు నమ్మకమైన సహోదరుడు. పాటల పరిచర్యలో వాడుకొనవచ్చును."

"అయ్యగారూ, పాటలు నేర్పేది పిల్లలకేగా?" అన్నాను.

ఆయన కలం మూత పెట్టుకున్నారు. "క్షమించినవాణ్ణి మళ్ళీ తూకం వేయకూడదమ్మా" అన్నారు. ఈయన గారు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

డిసెంబర్ 28

ప్లేనోలో పని దొరికింది. నన్ను రమ్మన్నారు. రాను అన్నాను.

"అక్కడా రిజిస్టరు లేదంట విమలా. కొత్తగా మొదలెడదాం."

ఇల్లు అలకగానే పండగ కాదన్నాను. ఆయనకు అర్థమైందో లేదో.

1985 జనవరి 3

వెళ్ళిపోయారు. రెండు సూట్‌కేసులు, హార్మోనియం. హార్మోనియం ఎప్పుడు కొన్నారో నాకు తెలియదు. వీధి చివర మలుపు తిరిగేదాకా చూశాను. పందొమ్మిదేళ్ళ కాపురం. ఏడుపొస్తుందేమోనని కాసేపు ఆగి చూశాను, రాలేదు. ఇల్లంతా తిరిగి, ఈ ఇంట్లో ఇక ఎవర్నీ కనిపెట్టుకుని ఉండక్కర్లేదని పైకే అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

జనవరి 4

ఎన్నేళ్ళకో హాయిగా నిద్రపోయాను. పొద్దున తొమ్మిదింటిదాకా లేవలేదు.

జనవరి 6

నా పని అయిపోయింది కదా? ఆయన ఎక్కడున్నా నాకేం సంబంధం? విడాకులు తీసుకుంటాను. అంతే.

జనవరి 9

కెఫెటీరియాలో రూతు వేరే బల్ల దగ్గర కూర్చుంటోంది. నేను కిటికీ వైపు తిరిగి డబ్బాలోది తింటున్నాను. ఈరోజు ఎవరో తెల్ల నర్సు నా ఎదురుగా కూర్చుంది, మీ కూర వాసన బాగుందంటూ. బాగుందని ఒక్క మాట అన్నందుకే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. సిగ్గేసింది.

జనవరి 12, శనివారం

అమెరికాలో ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబాల అడ్రసులు, ఫోన్ నంబర్లు అన్నీ ఒక పుస్తకంగా అచ్చువేశారు. ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. మాకు నవంబర్లో ఇచ్చారు. ఈరోజు తీశాను. టెక్సాస్ పేజీ, ప్లేనో, ఏడు కుటుంబాలు. భార్యాభర్తల పేర్ల కింద పిల్లల పేర్లు, వయసులు కూడా వేశారు. ఎంత ముచ్చటగా వేశారో. ఏడు ఇళ్ళల్లో పదకొండు మంది పిల్లలు. ఆరుగురు ఆడపిల్లలు.

ప్లేనో పోలీసులకు చెప్దామని ముందు ఫోన్ చేశాను. అవతలి ఆయన అంతా విన్నాడు. మీ ఆయన మీద ఇప్పుడు ఏమన్నా కేసుందా అన్నాడు. లేదన్నాను. అయితే మేము చేయగలిగిందేమీ లేదు మేడమ్ అన్నాడు. ఆ పోలీసు తప్పు లేదు.

మిగిలింది ఏడు ఫోన్ నంబర్లు. ఒక్కరికి చెప్తే చాలు, సాయంత్రానికి ఈ పుస్తకంలో ఉన్నవాళ్ళందరికీ తెలుస్తుంది. ఆయన పేరుతో పాటు నా పేరూ వెళ్తుంది. మా ఊరి దాకా వెళ్తుంది, మా అక్కచెల్లెళ్ళ అత్తారిళ్ళ దాకా వెళ్తుంది. ఇక ఏ ఊరికి మారినా ఏ తెలుగు ఇంటి తలుపూ నాకు తెరుచుకోదు. అన్నం తిని, గిన్నెలు తోమి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. తోమిన గిన్నెలు మళ్ళీ తోమాను.

రేపు ఆదివారం. రేపు ఆయన ఆ కాగితం తీసుకుని వెళ్తారు. వాళ్ళు చేతులెత్తి దేవుణ్ణి స్తుతిస్తారు. ఎవరో ఒక తల్లికి షిఫ్టు ఉంటుంది.

మూడింటికి మొదటి నంబరు తిప్పాను. నళిని, భర్త రాధాకృష్ణ, కూతుళ్ళు ఇద్దరు, ఎనిమిదేళ్ళు, పదకొండేళ్ళు. ఆవిడే ఎత్తింది. వెనక పిల్లలు ఏదో కొట్టుకుంటున్నారు.

"ఏసుపాదం అని ఒకాయన మీ ప్రేయర్‌కి రాబోతున్నారా అండీ?" అన్నాను.

"ఓ, మిషిగన్ బ్రదరా? నిన్ననే కలిశామండీ, ఎంత మంచాయనో! ఒక్కరే ఉన్నారు, భోజనానికి కష్టమవుద్దని ఇవాళ మా ఇంటికే పిలిచాం. పిల్లలకి పాటలు కూడా నేర్పుతానన్నారు. హాల్లోనే ఉన్నారు, పిలవమంటారా?"

"వద్దు. పిలవొద్దు. పిల్లల్ని మీ దగ్గరికి పిలుచుకోండి."

ఆవిడ నవ్వబోయి ఆగింది.

"ఎవరండీ మీరు?"

ఇంతవరకూ ఈ ప్రశ్నకు నాలుగైదు జవాబులు తయారు చేసుకున్నాను. తెలిసినవాళ్ళమనో, పాత ఊరివాళ్ళమనో, పేరు చెప్పకూడదనో.

"ఆయన భార్యనండీ" అన్నాను. "నా పేరు విమలకుమారి. రాసుకోండి."